రెండో వాయి వెన్న బిస్కెట్లు
నిన్న సాయంత్రం 100 గ్రాముల వెన్నను, 50 గ్రాముల పంచదార పొడిని తెల్లగా నురగలా మారేవరకు గిలకొట్టి, 150 గ్రాముల మైదాను పూరీ పిండిలా మర్దించకుండా వేళ్లతోనే కలిపి, ఓవెన్‌లో 170 డిగ్రీల వద్ద బిస్కెట్లు కాల్చాను. మొదటి వాయి ఇంకా మెత్తగా ఉందన్న అనుమానంతో మరో 5 నిమిషాలు ఉంచడం నా పొరపాటే. చల్లారేసరికి అవి పెంకుల్లా బిగిశాయి. వేడి మీద వెన్న కరిగి ఉంటుంది కనుక బిస్కెట్టు మెత్తగానే ఉంటుందని, చల్లారాకే నిలదొక్కుకుంటుందని అప్పుడు గానీ తెలిసిరాలేదు. రెండో వాయిని, అంచులు లేత బంగారు రంగుకు తిరగగానే, 12 నిమిషాలకే తీశాను. నాన్నగారు ఒకదాన్ని టీలో ముంచబోగా అది కప్పు చేరకముందే వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. ఆయన చొక్కా మీది పొడిని ఏరుకుని తిని, మరో రెండు అడిగారు.