క్షార పొర ఫ్యూయెల్ సెల్: గాలీ నీరూ కుదిరాక

తిరుపతిలో మా మేడమీద, హైడ్రోజన్‌నూ గాలిలోని ఆక్సిజన్‌నూ కలిపి కరెంటు తీసే చిన్న ఫ్యూయెల్ సెల్ నడుపుతున్నాను. అది ఇప్పుడు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద, 0.6 వోల్టుల దగ్గర, దాదాపు 400 మిల్లీఆంపియర్ల కరెంటును నిలకడగా ఇస్తోంది. ఎలక్ట్రోడు వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లే అయినా, ప్రయోగశాలల లెక్కలో ఇది గొప్ప ఫలితమేమీ కాదు. అయితే చర్యను వేగపరిచే ఉత్ప్రేరకం జోలికి పోకుండా, లోపలికి వెళ్ళే గాలిని శుభ్రపరచి తేమను సరిదిద్దినందువల్లనే కరెంటు రెట్టింపు దాటింది. అందుచేత ఈ రకం సెల్ కట్టదలచినవారు డబ్బును ముందుగా గాలి మీద, నీటి మీద పెట్టాలని నా అభిప్రాయం.

ఆమ్లపు పొర ఉన్న సెల్‌లో ప్రోటాన్లు ఆనోడ్ (హైడ్రోజన్ అందే వైపు) నుండి కేథోడ్ (గాలి అందే వైపు)కు ప్రయాణిస్తాయి. క్షార పొర సెల్‌లో దారి తలకిందులు. కేథోడ్ వద్ద ఆక్సిజన్, నీరు కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారి, అవి పొర గుండా ఆనోడ్‌కు చేరి, అక్కడ హైడ్రోజన్‌తో కలిసి నీరవుతాయి. నాలుగు ఎలక్ట్రాన్లు బయటి వలయంలో తిరిగేసరికి ఆనోడ్ వద్ద నాలుగు నీటి అణువులు పుడితే, కేథోడ్ వద్ద రెండు ఖర్చవుతాయి. కాబట్టి గాలి వైపు ఎండిపోతూ ఉంటుంది, హైడ్రోజన్ వైపు మునిగిపోతూ ఉంటుంది. క్షారం కావడం వల్ల కేథోడ్‌లో ప్లాటినానికి బదులు వెండి సరిపోయింది. క్షారంలో హైడ్రోజన్ ఆక్సీకరణ ప్లాటినం మీద సైతం ఆమ్లంలో కంటే చాలా నెమ్మది కనుక, ఆనోడ్‌లో మాత్రం పొదుపుకు పోక ప్లాటినమే ఉంచాను.

పొర మందం 50 మైక్రాన్లు. దాని పాలిమర్ గొలుసుకు ధనావేశమున్న క్వాటర్నరీ అమ్మోనియం సమూహాలు అతికి ఉంటాయి. అది బ్రోమైడ్ రూపంలో వచ్చింది కనుక, బ్రోమైడ్ స్థానంలో హైడ్రాక్సైడ్ చేరేందుకు లీటరుకు 56 గ్రాముల చొప్పున పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణంలో ఒక రాత్రీ పగలూ నానబెట్టి, మధ్యలో ద్రావణాన్ని మార్చి, తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. ఈ క్షారం కరిగేటప్పుడు నీరు బాగా వేడెక్కుతుంది కాబట్టి గుళికలను నీటిలోకి కొద్దికొద్దిగా వేయాలి. గాజు సీసాను క్షారం తినేస్తుంది గనుక ప్లాస్టిక్ డబ్బా వాడాలి, కళ్ళద్దాలూ చేతి తొడుగులూ లేనిదే మూత తీయకూడదు. ప్లాటినం పూసిన కార్బన్ పొడి విషయంలో మరో జాగ్రత్త ఉంది. పొడిగా ఉన్నప్పుడు దానిమీద ఆల్కహాల్ పోస్తే అంటుకోవచ్చు. ముందు నీటితో తడిపి, ఆ తరువాతే ఐసోప్రొపనాల్ కలిపి, వాయువు చొరబడే కార్బన్ నార కాగితం (కార్బన్ పేపర్) మీద కుంచెతో పూతలు పూతలుగా పూశాను. సెల్‌ను రెండు పక్కలా బిగించి పట్టే పలకలను రేణిగుంట రోడ్డులోని లేత్ షాపులో అల్యూమినియంతో చేయించాను.

ఇక గాలి సంగతి. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఫ్రాన్సిస్ థామస్ బేకన్ 1959లో 5 కిలోవాట్ల క్షార సెల్‌ను నడిపి చూపాడు. ఆ పరిశోధన మీద ఆధారపడిన సెల్‌లే తరువాత అపోలో నౌకల్లో వెళ్ళాయి. వాటికి అందింది శుద్ధమైన ఆక్సిజన్. మనకు దొరికేది మామూలు గాలి, అందులో పది లక్షల పాళ్ళలో 420 పాళ్ళకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఉంది. అది పొరలోని హైడ్రాక్సైడ్‌తో కలిసి బైకార్బనేట్, కార్బనేట్ అయాన్లుగా మారి వాహకతను తగ్గించి, అసలుకే ఎసరు పెడుతుంది. అక్వేరియం పంపు గాలిని నేరుగా పంపిన రోజుల్లో కరెంటు గంటలోపే సగానికి పడిపోయేది.

ఆ కార్బనేట్ ఎక్కడికి పోతోందో చూడడానికి కిళ్ళీ కొట్టులో సున్నం కొని, నీటిలో కలిపి, రాత్రంతా పేరనిచ్చి తేటను వంచుకున్నాను. ఆనోడ్ నుండి వెలువడే వాయువును ఆ సున్నపు తేటలోకి బుడగలుగా పంపితే, లోడ్ (కరెంటును లాగే పరికరం) వేసిన కొంతసేపటికి అది పాలలాగా తెల్లబడింది. లోడ్ తీసి, కొత్త తేట పెట్టి అంతసేపూ ఉంచినా తెల్లబడలేదు. కనుక పొరకు చిల్లు పడి గాలి కారడం దీనికి కారణం కాదు. కరెంటుతోపాటే కార్బనేట్ అయాన్లు పొర దాటి, హైడ్రోజన్ వైపు మళ్ళీ వాయువుగా విడుదలవుతున్నాయి. కరెంటు ఎంత ఎక్కువ లాగితే పొర అంతగా తనను తాను కడుక్కుంటుంది.

ప్రస్తుతం పంపు తరువాత, ఆసుపత్రి మత్తు యంత్రాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చడానికి వాడే సోడా లైమ్ గుళికల గొట్టం ఉంది. అరిగినకొద్దీ గుళికలు తెలుపు నుండి ఊదాకు మారతాయి. మన మే నెల వడగాలి ఆ గుళికల్లోని తడిని కూడా లాగేస్తుంది, ఎండిన గుళికలు కార్బన్ డయాక్సైడ్‌ను సరిగా పట్టవు. అందువల్ల గొట్టం ముందు తడి స్పాంజి పెట్టాను. గుళికలు దాటిన గాలి, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ సీసా గుండా 55 డిగ్రీల వద్ద కేథోడ్‌కు చేరుతుంది. తేమ తక్కువైతే కరెంటు తగ్గడంతో ఆగదు, ఎండిన చోట హైడ్రాక్సైడ్ అయాన్లు అమ్మోనియం సమూహాల మీదే దాడి చేసి పొరను శాశ్వతంగా పాడు చేస్తాయి. ఆనోడ్ వైపు మాత్రం తేమ కలపడం తగ్గించాను. బయటికి వచ్చే సిలికాన్ గొట్టంలో నీటి చుక్కలు ఒకదాని వెంట ఒకటి కదులుతుంటే సరే, గొట్టం నిండా నిలిచిపోతే హైడ్రోజన్ ప్రవాహం కాస్త పెంచాలి.

హైడ్రోజన్‌ను, క్షారం కలిపిన నీటిని నికెల్ ఎలక్ట్రోడ్లతో విద్యుద్విశ్లేషణ చేసి అప్పటికప్పుడు తీస్తున్నాను. ఒక ఆంపియర్‌కు నిమిషానికి సుమారు 7.5 మిల్లీలీటర్లు వస్తుంది, మూడు ఆంపియర్లు చాలు. వాయువుతోపాటు క్షారపు తుంపర వస్తుంది కాబట్టి నీటి సీసాలో కడిగి పంపాలి. గాలిలో 4 నుండి 75 శాతం దాకా మండే వాయువు కనుక నిల్వ చేయను, గదిలో నడపను.

సెల్ ఆపిన తరువాత నాలుగు గొట్టాలకూ బిరడాలు బిగిస్తున్నాను. అయినా మర్నాటికి పొర కొంత కార్బనేట్ పట్టే ఉంటుంది. అందుకని లోడ్‌ను 0.3 వోల్టుల దాకా దించి కాసేపు గట్టిగా నడిపి, సున్నపు తేట తెల్లబడడం మందగించాకే ఆ రోజు రీడింగులు రాసుకుంటున్నాను. ఆనోడ్‌లో ప్లాటినానికి బదులు నికెల్ పూత ప్రయత్నం ఈశాన్య రుతుపవనాలు వచ్చాక, గాలిలో తేమ పెరిగినప్పుడు మొదలుపెడతాను.