కుడి చేతి నరం

2021 ఆగస్టులో మా నెఫ్రాలజిస్టు నా రిపోర్టు చూసి, క్రియాటినిన్ 4.1కి చేరిందనీ, కిడ్నీల పనితనం 17 శాతం దగ్గర ఉందనీ చెప్పారు. ఆ తర్వాత, అప్పట్లో నేను చెవిన పెట్టని మాట ఒకటి అన్నారు: "ఇకనుంచి కుడి చేతికి సూది గుచ్చనివ్వకండి. ఫిస్టులా ఆ చేతికే చేయించాలి." నాది ఎడమచేతి వాటం. చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో పాతికేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. రాసే చేతిని వదిలి రెండో చేతికి ఈ ఆపరేషన్ చేయడం వాడుక కనుక ఆయన కుడి చేతిని ఎంచారు.

మాటల పని చేసేవాణ్ణి కాబట్టి ఇంటికి రాగానే నిఘంటువు తీశాను. ఫిస్టులాకు అందులో 'భగందరం' అని ఉంది. అది వేరే చోట వచ్చే వేరే జబ్బు. నేను నవ్వుకుంటూ ఈ సంగతి చెప్పినందుకు మా బావమరిది మరునాడే దానికి మందిచ్చే వైద్యుడి చిరునామా పట్టుకొచ్చాడు. నిజానికి డాక్టరు చెప్పిన ఫిస్టులా చేతిలో పక్కపక్కనే ఉన్న ధమనినీ సిరనూ కలిపి కుట్టడం. ధమనిలోని వేగమైన రక్తం సిరలోకి మళ్లితే, సిర కొన్ని వారాల్లో లావెక్కి, గోడలు దళసరై, రక్తాన్ని మెషిన్‌తో శుద్ధిచేసే డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు గుచ్చే రెండేసి పెద్ద సూదులను తట్టుకోగలిగేలా తయారవుతుంది. 1966లో అమెరికాలో సిమినో, బ్రెషియా అనే వైద్యులూ వారి సహచరులూ ఈ పద్ధతిని ప్రకటించారు.

చేతికి కోత పెట్టించుకుంటే డయాలసిస్‌ను పిలిచి పీట వేసినట్టవుతుందని ఇంట్లో అందరికీ భయం, అందరికంటే ఎక్కువ నాకే. వాయిదా వేస్తూ వచ్చాను. ఇంతలో అక్టోబరులో డెంగీ జ్వరం వచ్చి మా ఇంటి దగ్గరి నర్సింగ్ హోములో ఐదు రోజులున్నాను. సెలైన్ పెట్టడానికి వచ్చిన సిస్టర్ ఏ చెయ్యి అని అడిగితే, ఎడమది రాసే చెయ్యి, దాన్ని వదిలెయ్యమ్మా అని నేనే కుడి చేతిని చాచాను. బొటనవేలి వైపు మణికట్టు మీద కాన్యులా, అంటే సెలైన్ కోసం సిరలో ఉంచే సన్నని గొట్టం, మూడుసార్లు మార్చారు. ప్లేట్‌లెట్ల కోసం రోజూ మోచేతి మడతలో రక్తం తీశారు. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో ప్రూఫులు కూడా దిద్దాను. కిడ్నీ రోగినని కేస్ షీట్‌లో రాసి ఉన్నా, చేతుల గురించి అక్కడ ఎవరూ అడగలేదు. అయితే ముందే హెచ్చరిక విన్నవాణ్ణి నేను కనుక వాళ్లనొక్కళ్లనే తప్పుపట్టలేను.

2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకోలేకపోయాను. ఎమర్జెన్సీలో మెడకు కుడివైపున, గుండెకు తిన్నగా దిగే పెద్ద సిరలోకి తాత్కాలికంగా ఒక గొట్టం, అంటే కాథెటర్ వేసి తెల్లవారేలోగా మొదటి డయాలసిస్ చేశారు. కాలర్ ఎముక కింది సిరలో వేస్తే అది ఇరుకై, ఆ వైపు చెయ్యి ఫిస్టులాకు పనికిరాకుండా పోవచ్చనీ, అందుకే అక్కడ వేయలేదనీ తర్వాత తెలిసింది. రెండు వారాలకు దాన్ని తీసి, ఛాతీ చర్మం కింద సొరంగంలా నడిచి మెడ సిరలోకి వెళ్లే పర్మ్‌క్యాథ్ అమర్చారు. ఎర్ర మూత గొట్టంలోంచి రక్తం మెషిన్‌కు వెళ్తుంది, నీలం మూత గొట్టంలోంచి తిరిగి వస్తుంది. సూది పోటు లేదు, వేసిన రోజే వాడుకోవచ్చు. ఇదే హాయిగా ఉందే అనుకున్నాను.

ఆ హాయి ఏప్రిల్ దాకానే నిలిచింది. ఒక రోజు మెషిన్ మొదలైన అరగంటకు పళ్లు టకటక కొట్టుకునేంత వణుకు వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగుతూనే ఉంది. గొట్టంలో చేరిన సూక్ష్మక్రిములు తిన్నగా రక్తంలోకి వెళ్లాయన్నమాట. కల్చర్ పరీక్ష, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, పాతది తీసి కొత్త పర్మ్‌క్యాథ్ వేయడం: నెల గడిచిపోయింది.

అప్పుడు గాని రక్తనాళాల ఆపరేషన్లు చేసే వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి వెళ్లలేదు. ఆయన రక్తప్రవాహాన్ని చూపించే డాప్లర్ స్కాన్ పెట్టి కుడి మణికట్టు నుంచి పైకి సిరను వెతుక్కుంటూ వెళ్లి, సగం దూరంలో ఆగి, నా వేలిని అక్కడ పెట్టించారు. చర్మం కింద సిర ఎండిన తాడులా గట్టిగా తగిలింది. డెంగీనాటి కాన్యులాలు అక్కడే ఉండేవి. ఉన్న దారులన్నీ ఆయన ఓపిగ్గా చెప్పారు. ఎడమ మణికట్టు బాగుంది కాని అది రాసే చెయ్యి. సిరలు బొత్తిగా లేకపోతే ధమనికీ సిరకూ మధ్య కృత్రిమ గొట్టం, అంటే గ్రాఫ్ట్ వేయవచ్చు. అది రెండు మూడు వారాల్లోనే వాడకానికి వస్తుంది కాని గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్ ఫిస్టులాకంటే ఎక్కువ. కుడి మోచేతి పైన సిర ఇంకా మిగిలే ఉంది. అక్కడ చేస్తే రక్తప్రవాహం ఎక్కువగా ఉండి వేళ్లకు రక్తం తగ్గి చల్లబడే ప్రమాదం కొంత ఉంటుంది. పైగా పర్మ్‌క్యాథ్ అదే వైపు ఉంది కనుక దాన్ని ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిది. నేను కుడి మోచేతికే ఒప్పుకున్నాను.

ఆపరేషన్ చెయ్యి వరకే మత్తిచ్చి గంటన్నరలో ముగించారు. మరునాడు నా పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే నల్లగొండ పెద్దమ్మ, "సెవి కాడ పెట్టుకొని ఇను తమ్మీ, సప్పుడుంటే బతికున్నట్టే" అని నేర్పింది. గ్రైండర్ తిరుగుతుండగా వంటగట్టు మీద చెయ్యి పెడితే తెలిసే అదురు లాంటిదే కోత పక్కన తగిలింది. రోజూ రబ్బరు బంతి నొక్కుతూ తొమ్మిది వారాలు గడిపాను.

మొదటి రోజు సన్నని సూదులతోనే మొదలుపెట్టినా, రెండో సూది సిరను దాటి గుచ్చుకుని చెయ్యి నిమిషంలో వంకాయలా ఉబ్బి నల్లబడింది. ఐసు పెట్టి, వారంపాటు మళ్లీ పర్మ్‌క్యాథ్‌తోనే నడిపారు. తర్వాత సీనియర్ టెక్నీషియన్ ఒకాయన వచ్చి, ఒకే చోట గుచ్చితే అక్కడ బుడగలా ఉబ్బుతుందంటూ, నిచ్చెన మెట్లలా ప్రతిసారీ చోటు మారుస్తూ వేయడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి పర్మ్‌క్యాథ్ తీసేశారు. ఆ సాయంత్రం ఏడు నెలల తర్వాత తలమీంచి చెంబుతో నీళ్లు పోసుకున్నాను.

జ్వరాలు పోయాయి, ఆకలి వచ్చింది, సెప్టెంబరులో ప్రెస్సుకు వెళ్లడం మొదలుపెట్టాను. డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో గడిచిపోతోంది. కిడ్నీ మార్పిడి కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నాను. మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో మారేటప్పుడు జనం ఒత్తిడి పడకుండా కుడి చేతిని గోడ వైపు ఉంచుకుంటాను. సంచి, వాచీ, బీపీ పట్టీ అన్నీ ఎడమకే. 2024లో సూదులు తీశాక రక్తం ఆగడానికి అరగంట పట్టడం, మెషిన్ అలారం మాటిమాటికీ మోగడం మొదలైంది. ఈసారి వాయిదా వేయకుండా అదే వారం వెళ్లాను. సిర ఒకచోట ఇరుకైంది; బెలూన్ పెట్టి వెడల్పు చేశారు.

నెలనెలా రక్తపరీక్ష డయాలసిస్ గొట్టంలోంచే తీస్తారు. బయట ఎక్కడైనా సూది తప్పనిసరైతే మాత్రం ఎడమ అరచేతి వెనక వైపు చూపిస్తాను. మొన్న ల్యాబు కుర్రాడు, "అక్కడ నొప్పి ఎక్కువ సార్, మోచేతి దగ్గరైతే తేలిక" అన్నాడు. ఆ చేతికి పైన ఉన్న సిరలు రేపు ఎప్పుడైనా అవసరం పడతాయి బాబూ అని చెప్పి, పిడికిలి బిగించాను.