పేజ్ చూసిన పిల్లలకి ఎర్రమట్టి దిబ్బలు

అరిజోనాలో పెరిగే మన పిల్లలకి ఎర్ర రాయి కొత్త కాదు. నాలుగు రోజులు సెలవొస్తే కారేసుకుని పేజ్ అనే ఊరికి వెళ్ళడం, ఎర్ర రాయిని నీళ్ళు కోసిన ఇరుకు లోయ యాంటెలోప్ కాన్యన్, నది గుర్రపు నాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ చూసి రావడం అక్కడి తెలుగు ఇళ్ళలో మామూలే. అదే పిల్లలు విశాఖ వస్తే కైలాసగిరి, సింహాచలం, సబ్‌మెరైన్, మిగిలిన టైమంతా చుట్టాల ఇళ్ళు. (సబ్‌మెరైన్ తీసెయ్యకండి, అది అందరికీ నచ్చుతుంది.) వాళ్ళకి అప్పటికే తెలిసినదాన్ని పట్టుకుని ప్రశ్నలు వేయగల చోటు మాత్రం భీమిలికి కాస్త ఇవతల, బీచ్ రోడ్డు పక్కనే ఉంది: ఎర్రమట్టి దిబ్బలు.

పేజ్‌లో కనిపించే నవాహో ఇసుకరాయి సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట గాలి పోసిన ఇసుక దిబ్బలే. పైన పడ్డ పొరల బరువుకి అణిగి, నీటితో దిగిన ఖనిజాలు రేణువుల మధ్య జిగురులా పట్టి రాయైంది. ఎర్రమట్టి దిబ్బలూ ఇసుకే, కానీ వయసు వేల ఏళ్ళలోనే. ఇంకా రాయి కాలేదు. రెండు చోట్లా ఎరుపు ఇనుప ఆక్సైడ్‌దే. పేజ్‌లో రాయి చూసిన పిల్లలు ఇక్కడ రాయికి ముందు సంగతి చూస్తారన్నమాట. ‘మన ఊరే గొప్ప’ అని మొదలెడితే మొహం తిప్పుకునే పన్నెండేళ్ళవాడు కూడా దీనికి చెవి ఒగ్గుతాడు.

కింద రాలిపడిన మట్టి చారెడు తీసి, తడి వేళ్ళతో నలపమనండి. ఎరుపు చేతికంటుకుంటుంది, గరుకు రేణువులు మిగులుతాయి. ఉండ చేసి సీసా మూతెడు నీళ్ళు పోస్తే విడిపోతుంది. గోడల మీద మాత్రం ఈ ప్రయోగాలు వద్దు, పేర్లు చెక్కడం అసలే వద్దు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కిన చోటు అది.

ప్రమాదం వచ్చేది పేజ్ అలవాటు వల్లే. ఇసుకరాయి మీద బూటు పట్టు దొరుకుతుంది, పిల్లలు ధైర్యంగా ఎక్కేస్తారు. ఇక్కడ అలా కాలేస్తే అంచు విరిగి జారుతుంది. పేజ్‌లో ఏడాది వాన రెండు వందల మిల్లీమీటర్లు ఉండదు, విశాఖలో వెయ్యి దాటుతుంది. ఆ నీళ్ళే ఈ మెత్తటి దిబ్బల్ని లోతుగా కోసి, గోడల అడుగు తొలిచేస్తాయి. అందుకని పైన అంచున నిలబడనివ్వకండి, కింద గోడ నీడలో కూర్చోనివ్వకండి. వానాకాలంలో, తుపాను వెళ్ళిన వెంటనే పోకండి. 1997లో ఒక్క వరదకి పదకొండు మంది పోయినప్పటినుంచి యాంటెలోప్ కాన్యన్‌లోకి గైడ్ లేకుండా పంపరు. ఇక్కడ మీకు మీరే గైడు. దిబ్బల మధ్య నీళ్ళు కోసిన పాయలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి కారు ఆపిన చోటు ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, పెద్ద పాయ వెంటే నడవండి.

డిసెంబరు సెలవులు మేలు. అరిజోనాకీ మనకీ పన్నెండున్నర గంటల తేడా, దిగిన మొదటి వారం పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. బలవంతంగా పడుకోబెట్టే బదులు అయిదున్నరకి బయల్దేరదీయండి. సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు, ఏటవాలు వెలుగులో గోడల చారలు బాగా తేలతాయి. తొమ్మిది దాటితే నీడ దొరకదు. చెప్పులు కాదు, బూట్లు వేయండి. మనిషికి లీటరు నీళ్ళు తీసుకెళ్ళండి.

అమ్మమ్మా తాతయ్యలకి ఈ ఇసుకలో నడక కష్టం. వాళ్ళని భీమిలి బీచ్ దగ్గర దింపితే, దిబ్బలయ్యాక అందరూ కలిసి డచ్చివాళ్ళ సమాధులు చూడొచ్చు. తొట్లకొండ కూడా అదే రోడ్డులో ఉంది గానీ అదే రోజు కలపకండి. కొండ మీద రాయి తొలిచిన నీటి తొట్లు, బౌద్ధ విహారం పునాదులు తీరిగ్గా చూడాల్సినవి. ఎండలో అలిసిన పిల్లలకి అవన్నీ ఒట్టి ఇటుకలే.