బూందీ గరిటె చుక్కల మిక్కీ

ఆదివారం, బర్కత్‌పుర.

మా అక్క కూతురు కొన్నాళ్లుగా మా వెనుక వరండాలో వేస్తున్న బొమ్మ ఈ రోజు దాదాపు పూర్తయింది. నాలుగడుగుల కాన్వాసుపై 1928 నాటి మిక్కీ మౌస్, తొడుగులు లేని చేతులతో, ఒకదానిలో ఇరానీ చాయ్ కప్పు, మరొకదానిలో ఉస్మానియా బిస్కెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ తొలి రూపంపై అమెరికాలో కాపీరైట్ 2024 జనవరి 1న తొలగిపోయింది కనుకనే దానిని ఎంచుకున్నానని అమ్మాయి మొదటే చెప్పింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మిక్కీ కాదు, అతని వెనుక ఉన్న కాగితాలు. ఆబిడ్స్ కాలిబాట మీద ఆదివారాలు అమ్మే పాత పత్రికల నుండి కత్తిరించిన సబ్బుల ప్రకటనలు, పంచాంగపు పేజీలు, ఉర్దూ దినపత్రిక ముక్కలు, సగం చిరిగిన సినిమా వాల్‌పోస్టరు, వీటన్నిటినీ జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లని పూత) పూసిన బట్టపై అతికించి, ఆరిన తరువాత అక్కడక్కడ గీకి, పైన పలుచగా తెల్ల యాక్రిలిక్ పూసింది. చవకరకం పత్రికల కాగితంలో లిగ్నిన్ ఉండడం వల్ల వెలుతురు, గాలి సోకి అది పసుపెక్కుతుంది. ఆ రంగు మారడాన్ని పూర్తిగా ఆపలేమని తెలిసే ఈ పని చేసిందట. నాకు ఆ తెగువ నచ్చింది.

బొమ్మలోని చుక్కల సంగతి మరీ ముచ్చటైనది. వార్తాపత్రికల్లో చవకగా రంగు తెప్పించడానికి అమెరికన్ ముద్రాపకుడు బెంజమిన్ డే 1879లో రూపొందించిన చుక్కల పద్ధతిని, ఎనభై ఏళ్ల తరువాత, ప్రకటనలు, కామిక్స్ బొమ్మలనే కళగా మలిచే పాప్ ఆర్ట్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ చేత్తో అనుకరించాడు. 1961లో మిక్కీని, డోనాల్డ్ డక్‌ను వేసినప్పుడు కుక్కల వెంట్రుకలు దువ్వే బ్రష్షును రంగులో ముంచి ఆ చుక్కలు అద్దాడు. మా అమ్మాయి వంటింట్లో నుండి బూందీ గరిటెను పట్టుకొచ్చి, దాని రంధ్రాల గుండా ఎర్ర రంగు అద్దింది. (ఆ గరిటె ఇక వంటకు పనికిరాదని అక్క ప్రకటించింది.)

భోజనాలయ్యాక అక్క సూటిగా అడిగింది: "మిక్కీని ఎవరో ఎప్పుడో వేసేశారు కదే, ఇందులో నీ సొంతమేముంది?"

అమ్మాయి తడుముకుంది. నాకు మాత్రం చేర్యాల నకాషీ బొమ్మలు గుర్తుకొచ్చాయి. ఖాదీ బట్టకు సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పట్టించి, ఆ పూతపై ఎర్రని రంగు నింపి, తరతరాలుగా అందరికీ తెలిసిన పురాణ పాత్రలనే గీసే ఆ చిత్రకారులను, ఈ పాత్ర నీదేనా అని ఎవరూ అడగరు. గీత ఎలా పడింది, రంగు ఎలా నిలిచింది అనే చూస్తారు. అయితే పురాణ పాత్రకు యజమాని లేడు, మిక్కీకి ఒక కంపెనీ ఉంది, కాపీరైట్ తీరినా ట్రేడ్‌మార్కులు మిగిలే ఉన్నాయి కనుక రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదని నేనే ఒప్పుకోవలసి వచ్చింది. అయినా అక్కకు నా జవాబు ఒకటే: ఈ బొమ్మలో మిక్కీ ముఖం అచ్చు వేసినంత నున్నగా ఉన్నచోట అమ్మాయి కనబడదు, పంచాంగపు కాగితం ముడత అతని బుగ్గ మీదుగా తేలిన చోట కనబడుతుంది. అక్క తృప్తి పడలేదు.

సాయంత్రం వార్నిష్ దగ్గర మళ్లీ వాదన మొదలైంది. మెరుపు వార్నిష్ పూస్తే ట్యూబ్‌లైటు ప్రతిబింబించి కాగితాల గరుకుదనం మరుగున పడుతుందని నేనన్నాను. "పాప్ ఆర్ట్ అంటే ప్రకటనల బోర్డులా మెరవాలి, మామయ్యా" అని అమ్మాయి అంది. చివరకు మిక్కీకి మాత్రమే మెరుపు, వెనుక కాగితాలకు మెరుపు లేని మ్యాట్ వార్నిష్ పూయడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. నల్లటి గీతల వెంట రెండూ కలిసిపోకుండా సన్నని కుంచెతో పూసే పని నాకు అప్పగించింది.