టెక్సస్‌లో పిల్లల లైసెన్స్ సస్పెండ్ అయిందంటే

టెక్సస్‌లోని ఫ్రిస్కోలాంటి ఊళ్లో కారు తీయకపోతే ఇంట్లోకి పాలు కూడా రావు. అందుకే "గుడి దాకానే కదా, నెమ్మదిగా వెళ్లిరా" అంటూ సస్పెన్షన్‌లో ఉన్న పిల్లాడి చేతికి తాళాలిచ్చేది చాలాసార్లు మనమే. చలాన్ కట్టేసి మర్చిపోవడం మనకు ఊరి నుంచి వచ్చిన అలవాటు. కానీ టెక్సస్‌లో సస్పెన్షన్‌లో ఉండగా బండి నడపడం క్రిమినల్ కేసు.

మొదటిసారి అయితే మామూలుగా క్లాస్ సి మిస్‌డిమీనర్, అంటే అన్నిటికంటే చిన్న స్థాయి నేరం. 500 డాలర్ల దాకా జరిమానా, జైలు ఉండదు. ఇదే నేరం ఇంతకుముందు రుజువై ఉన్నా, సస్పెన్షన్ తాగి నడిపినందుకు పడినదైనా, పట్టుబడినప్పుడు ఇన్సూరెన్స్ లేకపోయినా క్లాస్ బి అవుతుంది. అప్పుడు 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. ఇన్సూరెన్స్ లేకుండా నడిపి, తన తప్పుతో ఎవరికైనా తీవ్రగాయాలైతే క్లాస్ ఎ. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్లు.

ఇన్సూరెన్స్ దగ్గరే అసలు తిరకాసు. ప్రీమియం పెరుగుతుందని సస్పెండైన పిల్లల్ని పాలసీలోంచి మినహాయిస్తారు. ఆ తర్వాత వాళ్లు ఒక్కసారి స్టీరింగ్ పట్టినా కవరేజీ ఉండదు. జరిమానాతో పోయే కేసు జైలు కేసవుతుంది.

సస్పెండైన సంగతి తెలియదంటే కోర్టు వినొచ్చు. కానీ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్ రికార్డులోని ఆఖరి అడ్రస్‌కు ఉత్తరం పంపి ఉంటే అందినట్టే లెక్క. ఆస్టిన్‌లో చదివే అమ్మాయి ఉత్తరం ఎప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కు పోతుంటుంది. ఇల్లు మారిన 30 రోజుల్లో అడ్రస్ మార్పించాలి.

21 నిండని వాళ్లు చుక్క తాగి నడిపినా, మొదటిసారికే 60 రోజుల సస్పెన్షన్. తాగారో లేదో చూసే పరీక్షకు ఒప్పుకోకపోతే 180 రోజులు. నోటీసు అందిన 15 రోజుల్లోపు హియరింగ్ కోరకపోతే సస్పెన్షన్ 40వ రోజున అమల్లోకి వస్తుంది. అమ్మానాన్నలు తిడతారని పిల్లలు దాచేది సరిగ్గా ఈ 15 రోజులే. తిట్లు తర్వాత, ముందు కాగితం చూపించమని లైసెన్స్ వచ్చిన రోజే చెప్పి ఉంచాలి.

కాలేజీకో ఉద్యోగానికో నడపక తప్పకపోతే, అవసరం మేరకే నడపనిచ్చే ఆక్యుపేషనల్ లైసెన్స్‌కు కోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఎస్ఆర్-22, అంటే ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ ఇచ్చే రుజువు పత్రం, కావాలి. రోజుకు నాలుగు గంటలిస్తారు, జడ్జి ఒప్పుకుంటే పన్నెండు దాకా. ఆ వేళలు దాటి నడపడం మళ్లీ నేరమే.

గడువు తీరిందని లైసెన్స్ దానంతటదే తిరిగి రాదు. పునరుద్ధరణ ఫీజు, కేసును బట్టి 100 లేదా 125 డాలర్లు, కట్టాలి. బండి తీసేముందు డీపీఎస్ సైట్లో అర్హత చూసుకోవాలి. క్లాస్ సి టికెట్ వచ్చిందని వెంటనే డబ్బు కట్టేయకండి. కడితే నేరం నిర్ధారణ అయినట్టే. గ్రీన్‌కార్డ్, సిటిజన్‌షిప్ ఫారాల్లో ఇలాంటివి అడుగుతారు. హెచ్-4 (డిపెండెంట్), ఎఫ్-1 (స్టూడెంట్) వీసాల మీదున్న పిల్లలైతే కట్టేముందు క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌నూ అడగాలి.