మూడు రాజధానులు, ఒకే సత్తెనపల్లి

నేను ఉద్యోగంలో చేరక ముందు మా నాన్నకి ఒక తాఖీదు వచ్చింది. శిస్తు బకాయి గురించి. మొత్తం ఇంగ్లీషులో. దాన్ని పంచె మడతలో పెట్టుకుని పక్క ఊరి మాస్టారి దగ్గరికి నడిచి వెళ్లారు. మాస్టారు ఊళ్లో లేరు. ఆయన తిరిగొచ్చి చదివేసరికి గడువు దాటిపోయింది. ఆ రెండు రోజులూ నాన్న అన్నం సరిగ్గా తినలేదు.

అందుకే, సర్కారు కాగితాలు తెలుగులో ఉండాలని పనిచేసిన శాసనసభ్యుడు వావిలాల గోపాలకృష్ణయ్య గారంటే నాకు అంత గౌరవం. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచారు: 1952, 1955, 1962, 1967. మొదట కూర్చున్నది మద్రాసు శాసనసభలో. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలు, 1956 తర్వాత హైదరాబాదు. రాజధానులు మారినా ఆయన నియోజకవర్గం మారలేదు. 1955కీ 1962కీ మధ్య ఏడేళ్లు ఎందుకంటే, 1957లో తెలంగాణ ప్రాంతానికే ఎన్నికలు జరిగాయి. మంత్రి పదవి ఎప్పుడూ చేపట్టలేదు. ఖద్దరు కట్టి, పెళ్లి చేసుకోకుండా, ప్రజల పనే తన పనిగా బతికారు.

నందికొండ ప్రాజెక్టు కోసం పట్టుబట్టిన వాళ్లలో ఆయన ఒకరు. అదే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్లు వదిలారు. వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట పొలాలకి కాలవ నీరు రావడం ఎంత పెద్ద విషయమో గుంటూరు జిల్లా రైతు ఇంట్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు.

కానీ నన్ను కదిలించేది ఆయన శాసనసభ వదిలాక చేసిన పని. అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఫైలు తెలుగులోకి మారదు కదా! ఆఫీసుల్లో తెలుగు అమలు చూడటానికి 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. 1992లో పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో, తొంభై ఆరేళ్ల వయసులో పోయారు.

నేను టైపిస్టుగా చేరిన కొన్నాళ్లకి మా ఆఫీసుకి తెలుగు టైపు మిషను వచ్చింది. వత్తుల దగ్గర వేళ్లు తడబడేవి, ఒక్క పేజీకి ఇంగ్లీషుకన్నా రెట్టింపు టైము పట్టేది. 'తెలుగులో అయితే ఆలస్యం' అని విసుక్కునేవాళ్లు కూడా ఉన్నారు. నేను మాత్రం సాయంత్రాలు ఆగి ప్రాక్టీసు చేశాను.

ఒకరోజు ఒక పెద్దాయన తన పొలం కాగితం తీసుకోవడానికి వచ్చారు. అలవాటు కొద్దీ 'ఎవరైనా చదివి పెట్టండమ్మా' అని దాన్ని నా వైపే చాపారు. 'తెలుగులోనే ఉంది బాబాయ్, చూడండి' అన్నాను. కళ్లజోడు పెట్టుకుని, వరండాలో నిలబడి, ముందు తన పేరు, తర్వాత సర్వే నంబరు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకే చదువుకున్నారు.