ఓడ ఎక్కకపోయినా డబ్బు కట్టాల్సిందే

మా నాన్నకు నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా అర్థమైంది 2020లో. అంతకుముందు ఎవరడిగినా "హ్యూస్టన్‌లో గ్యాస్ కంపెనీ" అనేవాడు, విన్నవాళ్లు సిలిండర్లు అనుకునేవాళ్లు. కొండపి పక్కన పల్లె మాది, అక్కడ గ్యాసంటే సిలిండరే మరి.

నేను చేసేది ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజవాయువు, అమ్మకం కాంట్రాక్టులు రాయడం, అవతలివాళ్ల లాయర్లతో బేరమాడటం. గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, సుమారు 600వ వంతుకు కుంచించుకుపోతుంది, అప్పుడు ఓడలో పోసి పంపొచ్చు. ఆ ప్లాంటు కట్టడానికి వేల కోట్లు కావాలి, ఇరవై ఏళ్లు కొంటామని ఎవరో ఒకరు సంతకం పెట్టందే బ్యాంకు అప్పివ్వదు. అమెరికాలో ఎక్కువగా వాడే పద్ధతి, అమెరికాలో గ్యాసుకు ప్రామాణికంగా తీసుకునే హెన్రీ హబ్ ధరకు 15 శాతం కలిపి, దానిపైన ద్రవంగా మార్చినందుకు ఒక స్థిరమైన ఫీజు. కొన్నవాడికి ఓడ వద్దనిపిస్తే ముందే నోటీసిచ్చి మానుకోవచ్చు, గ్యాసు డబ్బు మిగులుతుంది, ఫీజు మాత్రం కట్టాల్సిందే.

కరోనా ఏడాది వేసవిలో అదే జరిగింది. యూరప్‌లో, ఆసియాలో ధర పడిపోయి, అమెరికా నుంచి వెళ్లాల్సిన ఓడలు వందకు పైనే రద్దయ్యాయి. నేను ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, నోటీసు గడువులోపల వచ్చిందా లేదా అని అర్ధరాత్రిదాకా తేదీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఫోన్లో నాన్నకు అదే చెబుతుంటే ఆపాడు.

"ఓడ రాకపోయినా డబ్బులు కడతారా?"

"కడతారు నాన్నా. సంతకం పెట్టారుగా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా పొగాకు బేళ్లకు ఇట్టాంటి కాయితం ఎవురూ రాయరేందబ్బయ్యా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు. పొగాకు రైతుకు కాగితాలేం తక్కువ కాదు. పచ్చాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు రిజిస్ట్రేషన్, ఎంత పండించాలో పొగాకు బోర్డు కోటా, అమ్మాలంటే వేలం కేంద్రం. అన్నీ అతన్ని కట్టేవే. కొనేవాడు మాత్రం బేలు చూసి "నో బిడ్", అంటే కొననని, పక్క బేలు దగ్గరికి పోవచ్చు, ఎందుకని అడిగే దిక్కుండదు, బేలు మళ్లీ ట్రాక్టరెక్కి ఇంటికొస్తుంది. 2015లో ధరలు కుప్పకూలి మా ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇక్కడ హ్యూస్టన్‌లో చమురు, గ్యాసు కంపెనీలుండే ఎనర్జీ కారిడార్‌లో ఏసీ గదిలో, ఎవరి నష్టం ఎవరిదని ఒక్క వాక్యం మీద మూడు వారాలు కొట్లాడతాం.

కొట్లాడతామంటే నిజంగానే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు, హ్యూస్టన్ పక్కన కేటీలో మా ఇంటి పైపు పగిలి నేను బకెట్లు పెట్టుకుంటూనే, కార్లో ఫోన్ చార్జింగ్ పెట్టి చేతిలో లేని విపత్తు వస్తే మాట తప్పినా తప్పు కాదనే ఫోర్స్ మెజూర్ క్లాజు చదివాను. బావి గడ్డకట్టి గ్యాసు రాలేదంటే ఒక లెక్క, బయట దొరుకుతున్నా ధర మండిపోతోంది కాబట్టి ఇవ్వలేనంటే ఇంకో లెక్క. ధర పెరగడం దైవాధీనం కాదని చాలా కాంట్రాక్టుల్లో ముందే రాసి ఉంటుంది. కృష్ణపట్నం దగ్గర తలపెట్టిన అల్ట్రా మెగా విద్యుత్ ప్రాజెక్టు యూనిట్ 2.33 రూపాయలని టెండర్ గెలిచి, ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధనలు మార్చాక ఆగిపోయింది కదా, అలాంటి బొగ్గు గొడవల మీద సుప్రీంకోర్టు 2017లో చెప్పిందీ అదే, ఖర్చు పెరిగిందని తప్పుకోవడానికి లేదని. నాన్నకిది చెబితే "ఆ స్థలం మీదుగా ఎన్నిసార్లు పోయుంటామో" అన్నాడు, అంతే.

పోయినేడు నాన్న బ్యారన్ కౌలుకిస్తూ అగ్రిమెంట్ నన్ను రాయమన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, రెండు పేజీలు గట్టిగా రాసి వాట్సాప్‌లో పంపాను. నాన్న ఫోన్ చేశాడు. "బ్యారన్ అంటుకుంటే నష్టమంతా కౌలుదారుడిదేనని రాశావే, మీ బాబాయికేం మిగులుద్ది? సగం సగం చెయ్యి." చేశాను. బాబాయి వీడియో కాల్‌లో నవ్వుతూ సంతకం పెట్టాడు. ముందు చదువు బాబాయ్ అంటే, "నువ్వు రాశావుగా అబ్బయ్యా, చదివేదేముంది" అన్నాడు.